బోటుకు నైరుతి ఎటు?

మా ఇంట్లో రెండు కార్లున్నాయి. ఒకటి మా ఆయనది, ఇంకొకటి మా మరిది సుధాకర్‌ది. ఆదివారం ఉదయం ఏడింటికి మేం ఐదుగురం బుచ్చిరెడ్డిపాలెం బస్టాండులో నిలబడడానికి కారణం అదే. తమ్ముడి కారులో అన్న ఎక్కడు, అన్న కారులో తమ్ముడు ఎక్కడు. "అయితే బస్సులో పదండి" అని మా అత్తమ్మ తేల్చేసింది. ఇంతకీ మేం బయల్దేరింది బోటు కొనడానికి.

ఆస్తి పంపకాలయ్యాక మా ఇంటి నడిమధ్యలో గోడ లేచింది. వీధి గేటు దగ్గర మొదలై ముందరి షెడ్డునూ హాలునూ చీల్చుకుంటూ పెరటి దాకా పోయింది. ఇటు మేము, అటు సుధాకర్, నా తోడికోడలు లత. అత్తమ్మ నెలకొక వైపు. ఈ మధ్య అన్నదమ్ములిద్దరికీ ఒకేసారి బోటు పిచ్చి పట్టుకుంది. మా ఆయనకు చేపలు పట్టాలని ఉంది. సుధాకర్‌కు పరుపులూ పాటలూ ఉన్న యాట్ కావాలి. ఫోన్‌లో తెల్లటి యాట్ బొమ్మ ఒకటి పెట్టుకుని ఊరందరికీ చూపించాడు. చెరొకటి కొనుక్కుంటామన్నారు. "ఇద్దరూ కలిసి ఒకటే కొంటే నేనెక్కుతా. చెరొకటి కొన్నారంటే సముద్రం మొహం గూడా చూడను" అంది అత్తమ్మ.

నాకు బోటు అక్కర్లేదు. గోడ లేవకముందు లతా నేనూ ఒకే పొయ్యి దగ్గర నిలబడి వండిన ఆదివారాలు కావాలి. అవి పోయాక ఆదివారమంటేనే నాకు చిరాకు. అందుకే ఈ ఒక్క బోటు కుదిరేలా చూడమని దేవుణ్ణి గట్టిగానే అడిగి బస్సెక్కాను.

బస్సులో ఆడవాళ్ళకు డబ్బు కట్టే పని లేదు కానీ ఆధార్ కార్డు మరిచిపోకండి. నెల్లూరులో దిగి బస్టాండు ఎదురుగా టిఫిన్ చేశాం. అన్నదమ్ములు రెండు వేరు వేరు టేబుళ్ళ దగ్గర కూర్చుని, ఇద్దరూ కారం దోసే చెప్పారు. ఇద్దరూ చట్నీ చాలలేదనే గొడవపడ్డారు. తొమ్మిదికి మైపాడు బస్సు దొరికింది. పక్క సీట్లో చేపలమ్ముకుని ఖాళీ గంపతో ఇంటికి పోతున్న ఒకామె మమ్మల్ని ఎగాదిగా చూసింది.

"యాడికి పోతుండారమ్మా?"

"బోటు కొనేదానికి" అంది అత్తమ్మ.

"అన్నదమ్ములిద్దరూ కలిసా? చూసుకోండి తల్లీ. మా ఇంట్లో వాళ్ళు బోటు కాడ్నే విడిపోయినారు."

లత నా చెయ్యి పట్టుకుంది. మాకు విడిపోవడానికి ఇంక మిగిలిందేముందని నవ్వబోయాను కానీ నవ్వు రాలేదు.

మైపాడులో ఆటో మాట్లాడుకుని ఉప్పుటేరు ఒడ్డున బోట్లు తయారుచేసే షెడ్డు దగ్గర దిగాం. అక్కడ బోట్లమ్మే ఏసోబు అనే ఆయన తెల్ల చొక్కా ఇస్త్రీ నలగకుండా మా కోసం కాచుకుని ఉన్నాడు. పొద్దునే చర్చికి పోయివచ్చాడట. ఏమడిగినా లేదనడం ఆయనకు రాదు.

"వలలు పెట్టుకోను చోటుండాదా?" అని మా ఆయన.

"ఉండాది సార్."

"ఆనుకుని పడుకోను సీట్లుండాయా?" అని సుధాకర్.

"ఉండాయి సార్. ప్రభువు దయ వల్ల అన్నీ ఉండాయి."

మొదట చూపించిన చెక్క బోటులో చేపల వాసన తప్ప ఏమీ లేదు. మా ఆయన మురిసిపోయాడు. రెండోదానిలో సోఫాలున్నాయి, వల పెట్టడానికి జానెడు చోటు లేదు. సుధాకర్ చెప్పులు విప్పి మరీ ఎక్కాడు. మూడోది వెడల్పాటి ఫైబర్ బోటు. చుట్టూ బల్లలు, పైన టార్పాలిన్ నీడ, నడిమధ్యలో చేపలకు పెద్ద ఐసు పెట్టె. మూత మీద మెత్త వేస్తే మనిషి కూర్చోవచ్చు. ఇద్దరికీ కుదిరే బోటు ఇదేనని లతా నేనూ కళ్ళతోనే అనుకున్నాం.

సుధాకర్ ఫోన్‌లో దిక్సూచి తీశాడు. మా మరిది వాస్తు చూడకుండా గొడుగైనా కొనడు. ఇసుకలో నిలబెట్టిన బోటు చుట్టూ మూడు సార్లు తిరిగాడు.

"ఇంజను ఆగ్నేయంలోనే ఉండాది, మంచిదే. అమ్మకు నైరుతి మూల. నీళ్ళ డబ్బా ఈశాన్యంలో పెట్టొచ్చు. కానీ వదినా, నడిమధ్య బ్రహ్మస్థానం. దాంట్లో ఐసు పెట్టె పెట్టినారు. బరువుండకూడదు."

"చేపకు బ్రహ్మస్థానమేందిరా?" అని మా ఆయన.

"నీకు తెలీదు, ఊరుకోన్నా."

"ఆ పెట్టె తీస్తే నేనీ బోటు కొనను."

"ఉంచితే నేను కొనను."

ఏసోబు ఇద్దరివైపూ తల ఊపాడు. "నీళ్ళలో ఒక రౌండు తిరిగి చూడండి సార్. మనసు మారతాది" అన్నాడు. షెడ్డులో పనివాళ్ళు బోటును ఉప్పుటేట్లోకి తోశారు. ఎవరు ఎక్కడ కూర్చోవాలో తను చెప్పినట్టే జరగాలన్న షరతు మీద సుధాకర్ ఎక్కాడు.

పావుగంట హాయిగా గడిచింది. అటువైపు కొంగలు, ఇటువైపు రొయ్యల చెరువుల గట్లు. మా ఆయన గాలం వేశాడు, లత పులిహోర డబ్బా మూత తీసింది. అప్పుడు వంపు దగ్గర ఏసోబు బోటు తిప్పాడు. సుధాకర్ ఫోన్ చూసుకుని అదిరిపడ్డాడు.

"అమ్మా, లే! నువ్విప్పుడు ఈశాన్యంలో ఉండావు!"

అత్తమ్మ లేచి ఎదురు మూలకు పోయింది. ఆ మూలలో ఉన్న లత డబ్బాతో ఇటు వచ్చింది. బోటు ఇంకో వంపు తిరిగింది. మళ్ళీ లేచాం. మూడో వంపులో అందరం ఒకే పక్కకు చేరాం. బోటు ఒరిగింది, పులిహోర డబ్బా ఉప్పుటేటి పాలైంది.

"ఎవురూ లేవబాకండి! బోటుకు నైరుతి ల్యా సార్!" అని మొదటిసారి లేదన్నాడు ఏసోబు.

"యాట్ కావాల్నంట వీడికి!" అని మా ఆయన అరిచాడు. "నీ వల్లేన్నా! నీ పెట్టె వల్లే!" అని సుధాకర్ అరిచాడు. అయిపోయింది, ఇంక చెరొక బోటూ ఖాయమనుకున్నాను. నా ఆదివారాలు కూడా ఆ డబ్బాతో పాటే మునిగాయనిపించి ఏడుపొచ్చింది.

అత్తమ్మ ఎవరి చెయ్యీ పట్టుకోకుండా నడిచి, ఐసు పెట్టె మీద కాళ్ళు మడుచుకుని కూర్చుంది. బోటు నిలదొక్కుకుంది.

"అమ్మా, అది బ్రహ్మస్థానం" అన్నాడు సుధాకర్ మెల్లగా.

"తెలుసు రా. ఇంటి నడిమధ్యలో గోడ లేపేటప్పుడు మీ ఇద్దరికీ గుర్తు రాలేదా ఆ స్థానం?"

ఏసోబు ఇంజను ఆపేశాడు. సుధాకర్ ఫోన్ జేబులో పెట్టుకుని వాళ్ళమ్మ కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. ఇంకో పక్క మా ఆయన కూర్చున్నాడు. గాలానికి వేలెడంత చేప ఒకటి పడితే ఇద్దరూ కలిసి లాగారు. అంత చేపకు ఇద్దరు మగవాళ్ళు అవసరమా అని లత నా చెవిలో అంది.

ఆ బోటే ఖాయం చేశాం, పెట్టెతో సహా. "ఎండాకాలం రెండు నెలలు వేట ఉండదు గదా, అప్పుడు ఈడ ఎండలో పెట్టబాకండి. ఇంటికి తీసకపోయి నీడన పెట్టుకోండి" అని ఏసోబు చెప్పి పంపాడు.

సాయంత్రం నెల్లూరులో ఎక్కిన బుచ్చి బస్సు కిటకిటలాడుతోంది. ఖాళీగా ఉన్న ఒక్క జంట సీటులో అన్నదమ్ములు పక్కపక్కన కూర్చోక తప్పలేదు. పెన్నా వంతెన దాటి కోవూరు వచ్చేదాకా ఇద్దరూ ఫోన్‌లో బోటు పొడవూ వెడల్పూ లెక్కలేసుకున్నారు. బోటు కొనబోయే వాళ్ళకు నేను చెప్పేదొక్కటే. పోయేముందు ఇల్లు కొలుచుకుని పోండి.

"అన్నా, మన షెడ్డులో పట్టదు. గోడ అడ్డమొస్తాది" అన్నాడు సుధాకర్.

మా ఆయన ఫోన్ అందుకుని ఆ లెక్క ఇంకోసారి చూశాడు. "బోటును రెండు ముక్కలు చెయ్యలేం గదా. మేస్త్రీ నంబరు నీ దగ్గరుందా?"

నా పక్కన కళ్ళు మూసుకున్న అత్తమ్మ నిద్రపోలేదని అప్పుడు తెలిసింది. "ఆదివారం పెట్టుకోండి రా. అందరికీ వంట చేస్తాం."

"ఏ వైపు పొయ్యి మీద అత్తా?" అని లత అడిగింది.

"గోడ పోయినాక ఇంక వైపేందే?" అంది అత్తమ్మ.