గురువారం దాకా ఆగిన బేరిపండు

కూరగాయల దుకాణంలో అందరూ ఆమెను పసుపుచీటీ అక్క అంటారు. దర్జీ కొట్లో రోజంతా చొక్కాలకు గుండీలు కుట్టి, ఐదున్నరకల్లా వచ్చి అరల మధ్య నిలబడుతుంది. ఆరింటికి దుకాణంలో పనిచేసే ఆవిడ, గడువు ముగుస్తున్న సరుకు మీద పసుపు చీటీలు అంటిస్తుంది. ధర సగమవుతుంది. వాలిపోయిన పాలకూర చన్నీళ్ళు తాగి గంటలో తల ఎత్తుతుందనీ, టమాటా పగిలితే పగిలిన చోటు తీసేస్తే చాలనీ ముప్ఫై ఏళ్ళుగా ఆమెకు తెలుసు. ఆ చీటీలతోనే పిల్లల చదువులు గట్టెక్కాయి.

లారీ నడిపిన భర్త గొంతులో పుండుతో మంచం పట్టాడు. గంజి తప్ప ఏదీ దిగడం లేదు. "ఇష్టమైంది పెట్టండమ్మా" అని డాక్టరు మెల్లగా చెప్పి వారమైంది.

సోమవారం పొద్దున అతను ఉన్నట్టుండి అన్నాడు. "బేరిపండు తినాలనుందే."

"తెస్తాలే."

"కోసిన ముక్క కాదు. మనింట్లో పండంటే ఓ పక్క చెక్కేసిందేగా! నిండు పండుని పిల్లల పుస్తకంలో చూడ్డమే నేను."

నవ్వబోతే దగ్గొచ్చింది. అతని వీపు నిమురుతూ ఆమే నవ్వింది.

ఆ సాయంత్రమే వెళ్ళింది. నాలుగేసి బేరిపళ్ళ పెట్టెలు, తొక్కల మీద తెల్లవారుజాము ఇంకా ఆరనట్టు చెమ్మ. ఒకటి చేతిలోకి తీసుకుంది. సంచిలో డబ్బుంది. పెట్టె మీద గడువు చూసింది: గురువారం. ఆ తర్వాత చెయ్యి ఆమెను అడగలేదు. క్యాబేజీల వెనక చీకట్లోకి, ఎవరి కంటా పడకుండా పెట్టెను తోసేసింది. మూడు రోజులేగా.

గురువారం దాన్ని బయటికి తీసి చీటీలావిడ ముందు పెట్టింది.

"ఎక్కణ్ణించి పుట్టిస్తావక్కా ఇవి? దుకాణం నాదా, నీదా?"

"చీటీ నీది, ముక్కు నాది. అంటించు తల్లీ."

ఇంటికొచ్చేసరికి ఆడపడుచు తడిగుడ్డతో అన్న పెదాలు తడుపుతోంది. "మధ్యాన్నం నించి నీళ్ళు కూడా దిగట్లేదు వదినా."

పండు మీద చిన్న మచ్చైనా లేదు. అతని చేతుల్లో పెట్టింది. అతను నోటిదాకా తెచ్చుకున్నాడు. పళ్ళు తొక్కను తాకాయి గానీ దిగలేదు. కళ్ళు మూసుకుని చాలాసేపు వాసన చూశాడు.

"కోసిపెట్టనా?"

తల అడ్డంగా ఊపాడు. పండును గుండె మీద పెట్టుకున్నాడు. ఊపిరితో పాటు అది లేస్తూ, దిగుతూ ఉంది.

"ఇవాళే వచ్చాయా వదినా?" ఆడపడుచు అడిగింది.

"సోమవారమే ఉన్నాయి. చేత్తో పట్టుకున్నాను కూడా."

"మరి తేలేదేం?"

ఆమె పెట్టె మీది పసుపు చీటీని అరచేత్తో కప్పేసింది. అతను కళ్ళు తెరిచి, ఆమెకేసే చూస్తున్నాడు.