చప్పటి నీళ్లు

సత్తెనపల్లిలో నాన్న హోటలుకు తనిఖీకి వచ్చే శానిటరీ ఇన్‌స్పెక్టరు గారు ముందు గ్లాసెడు మంచినీళ్లు అడిగేవారు. గాజుగ్లాసును గుమ్మంలో వెలుతురుకెత్తి, ఒక కన్ను మూసి చూసి, తాగకుండానే బల్లమీద పెట్టేసేవారు.

"కాచి పోయండి పెద్దాయనా, లేకపోతే లైసెన్సు రాదు."

"కాచినవి చప్పగా ఉంటాయండీ. మిరపకాయల కొట్ల నుంచి మంటెత్తి వచ్చేవాళ్లు నా మొహాన ఉమ్మేస్తారు," అనేవాడు నాన్న. ఆయన ఉన్నంతసేపూ నీళ్లు పొయ్యిమీద ఉండేవి. వెళ్లగానే నాన్న దించేసేవాడు.

ఆ వేసవిలో ఊరంతా వాంతులు, విరేచనాలు. నాన్న కూడా పోయాడు. నాకు ఏడుపు రాలేదు. నీళ్ల పీపా బోర్లించి కడిగాను.

హోటలు మళ్లీ తెరిచిన రోజు ఆయన వచ్చి నీళ్లు అడిగారు. ఇచ్చాను. ఈసారి గ్లాసు వెలుతురుకెత్తలేదు. చివరి చుక్కదాకా తాగారు.

"చప్పగానే ఉన్నాయమ్మా," అన్నారు.