కస్తూరి గారి రెన్యూవల్

కస్తూరి గారు గుంటూరులో నల్లకోటు వేసుకున్న రోజుల్లో, లాయరుగా ఒకసారి పేరు నమోదైతే కాటికి పోయేదాకా లాయరే. క్లయింటు ముందు మాత్రం ‘తెలియదు’ అన్న మాట నోట రాకూడదు. అది నామోషీ. సీనియర్లు ఆవిడకి మొదట నేర్పిన పాఠం అదే.

ఇంగ్లండులో అలా కుదరదు. అక్కడ లాయరుని సొలిసిటర్ అంటారు, ఆ సర్టిఫికెట్‌ని ఏటా అక్టోబరులో రెన్యూ చేయించుకోవాలి. నాకేం తెలియదో చూసుకున్నాను, నేర్చుకున్నాను అని ప్రకటించాలి. ఎన్ని గంటలు చదివావని ఎవరూ అడగరు. తిరకాసంతా అక్కడే ఉంది.

ఇప్పుడు లండన్‌లోని హౌన్స్‌లోలో ఒక చిన్న ఆఫీసులో ఆవిడ వీసా కేసులు చూస్తారు. చట్టం మారినప్పుడల్లా వచ్చే ఆన్‌లైన్ పాఠాలను వంటింట్లో ఫోను ఆనించి, పోపు వేస్తూ వినేవారు. ఆవాల చిటపటల్లో సగం చట్టం కొట్టుకుపోయేది.

మనవాళ్లకు లాయరు ఆఫీసుకి వెళ్లాలంటే మొహమాటం, పులిహోర ప్లేటు పట్టుకుని అడగడం మాత్రం హక్కు. ఆ ఏడు వినాయకచవితికి కమ్యూనిటీ హాల్లో సాత్విక్ అనే నల్గొండ కుర్రాడు ఆవిడ పక్కన చేరాడు. మాస్టర్స్ చదువుతున్నాడు.

“ఆంటీ, చిన్న డౌట్. రీడింగ్ టౌన్‌ల జాబ్ వచ్చింది, వెంటనే జాయిన్ కమ్మంటున్రు. కోర్సేమో జనవరి దాంక ఉంది. ఇడిసిపెట్టి వర్క్ వీసాకు మారొచ్చా?”

“భేషుగ్గా మారొచ్చు నాన్నా, కోర్సు అయ్యేదాకా ఆగక్కర్లేదు,” అని ఆవిడ ఇంకొంచెం పులిహోర వడ్డించుకున్నారు.

రెన్యూవల్ దగ్గర పడుతోందని ఆ వారంలోనే పాత పాఠాలు మళ్లీ పెట్టుకున్నారు, ఈసారి పొయ్యి కట్టేసి. కోర్సు పూర్తి కాకుండా విద్యార్థులు వర్క్ వీసాకి మారడానికి వీల్లేదని జూలైలోనే నిబంధన వచ్చింది. మధ్యలో మానేస్తే ఉన్న వీసాకే ఎసరు. ఆవిడకు భయం వేసింది. వెంటనే ఫోన్ చేశారు.

“పొద్దుగాలనే యూనివర్సిటీకి మెయిల్ కొట్టిన ఆంటీ, మానేస్తున్న అని. మీరు చెప్పిన్రు గదా.”

“నేను తప్పు చెప్పాను సాత్విక్. ఆ మెయిల్ ఇప్పుడే వెనక్కి తీసుకో.”

అప్పటికింకా అతని పేరు కొట్టేయలేదు కాబట్టి యూనివర్సిటీ ఒప్పుకుంది. రీడింగ్ కంపెనీ మాత్రం జనవరి దాకా ఆగలేదు, ఇంకొకరిని తీసుకుంది.

జరిగింది కస్తూరి గారు ఆఫీసులో చెప్పి, రెన్యూవల్ కోసం ఆ ఏడు తాను నేర్చుకున్నవి రాసుకునే చోట సాత్విక్ సంగతే మొదట రాశారు. భర్త దినేశ్ తల పట్టుకున్నాడు.

“టిక్ పెడితే అయిపోయేదానికి మన తప్పు మనమే రాసుకోవడమేంటి? నోటిమాట నీటిమూట. ఎవరు చూడొచ్చారు?”

“ఆ నీటిమూటని నమ్మే కదండీ వాడు ఉద్యోగం పోగొట్టుకుంది.”

మరుసటి చవితికి సాత్విక్ మళ్లీ వచ్చాడు. చదువయింది, ఉద్యోగం ఇంకా వెతుకుతున్నాడు. వీసా గురించే ఏదో అడిగాడు. అలవాటు కొద్దీ ఆవిడ చెప్పడం మొదలుపెట్టారు. అతను మర్యాదగానే అడ్డొచ్చాడు.

“ఆంటీ, ఇది ఎప్పటి రూలు?”

ప్లేట్లు పట్టుకుని చుట్టూ నిలబడ్డవాళ్లంతా ఇటు తిరిగారు. కస్తూరి గారి మొహం కందిపోయింది. ప్లేటు బల్ల మీద పెట్టేశారు.

“నాకు తెలియదు నాన్నా,” అన్నారు అందరికీ వినబడేలా. “సోమవారం ఆఫీసుకి రా. చూసి చెబుతాను.”