ఆదివారం రీడింగు

మొన్న గురువారం ఉదయం మా పాత కాలేజీ వాట్సాప్ గ్రూపులో, ల్యాబ్ అటెండరు గారు పోయారని ఎవరో పెట్టారు. ఆ కింద చేతులు జోడించిన బొమ్మలు వరసగా పడిపోతున్నాయి. నేను వెంటనే నమ్మలేదు. కిందటేడు ఇదే గ్రూపులో మా కెమిస్ట్రీ మేడమ్‌కి కూడా ఇలాగే ఆత్మశాంతి కోరారు. సాయంత్రానికి ఆవిడే వచ్చి, తాను కూతురింట్లో క్షేమంగా ఉన్నానని రాసుకోవాల్సి వచ్చింది. అందుకని ముందు రూతుకి ఫోన్ చేశాను. రూతు నాతో ఇంటర్ చదివింది, ఆయన వెళ్లే చర్చికే వెళ్తుంది. "నిజమేనే. పొద్దున్న చర్చిలో గంట కొట్టేరు," అంది. అయినా ఆగలేక, ఆయన వీధిలో ఉండే టైలరుకి కూడా ఫోన్ చేశాను. "అవునమ్మా. టీ తాగి కుర్చీలో కూకున్నారు. మరి లేవనేదు," అన్నాడు.

రెండు చోట్ల అడిగాక గాని నాకు ఏడుపు రాలేదు. దేన్నైనా రెండోసారి చూడందే నమ్మకపోవడం నాకు ఆయన దగ్గర అంటుకున్న జబ్బు.

చోడవరంలో మా జూనియర్ కాలేజీకి ఒకటే ల్యాబు ఉండేది. ఒక గోడ వైపు ఫిజిక్సు, ఇంకో గోడ వైపు కెమిస్ట్రీ, మధ్యలో స్టూలు మీద ఆయన. యాభై దాటిన మనిషి. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఇస్త్రీ చేసిన ఖాకీ చొక్కాలో ఉండేవారు. వెనకాల మేం ఆయన్ని సీఐడీ అనుకునేవాళ్లం. లోపలికి వెళ్లేటప్పుడు టెస్ట్‌ట్యూబులు లెక్కపెట్టి ఇచ్చేవారు, బయటికి వచ్చేటప్పుడు లెక్కపెట్టి తీసుకునేవారు. అంతవరకు ఏ అటెండరైనా చేస్తాడు. ఈయన గోడ గడియారాన్ని కూడా నమ్మేవారు కాదు. గంట కొట్టే ముందు తన వాచీ చూసుకుని, ఆ తర్వాత దగ్గర్లో ఉన్న పిల్ల వాచీ కూడా చూసేవారు. టీ కొట్లో ఖాళీ గ్లాసు వెలుతురుకి ఎత్తి అటూ ఇటూ తిప్పి చూశాకే టీ పోయనిచ్చేవారు.

ఆయన ఎడమ అరచేతిలో ముడుచుకుపోయిన మచ్చ ఒకటి ఉండేది. ఉద్యోగంలో చేరిన కొత్తలో, సీసా మీద రాసి ఉన్నదే సీసాలో ఉందనుకుని వొంపారట. లోపలున్నది యాసిడ్. "సీసా మీద పేరు సీసాకి తెల్దమ్మా," అనేవారు. ప్రతి బ్యాచ్‌కీ మొదటి రోజు ఆ మచ్చ చూపించి ఆ మాట చెప్పేవారు. మాకు నవ్వొచ్చేది.

మేం సెకండియర్‌లో ఉండగా ఒక సినిమా వచ్చింది. చిన్న ఊరి పిల్లలు నలుగురు పాత రేడియో ముక్కలు ఏరుకొచ్చి బుల్లి ఉపగ్రహం తయారుచేస్తారు. ఊళ్లో అందరూ ఎగతాళి చేస్తారు. చివర్లో అది రాకెట్ ఎక్కి వెళ్తుంటే అదే ఊరు మొత్తం తలెత్తి ఆకాశంలోకి చూస్తుంది. పిల్లలకి స్ఫూర్తి కలుగుతుందని కాలేజీవాళ్లు మమ్మల్ని మాట్నీకి పంపారు. ఆడపిల్లల్ని హాలుకి తీసుకెళ్లి, ఒక్కరూ తగ్గకుండా వెనక్కి తీసుకురావడం అటెండరు గారి పని.

నేనూ రూతూ చివరి అరగంటా ఏడుస్తూనే ఉన్నాం. బయటికి వచ్చాక, మమ్మల్ని వరసలో నిలబెట్టి లెక్కపెడుతున్న ఆయన్ని రూతు అడిగింది.

"ఎలాగుందండీ సినిమా?"

"బాగుంది," అన్నారాయన, లెక్క తప్పకుండా వేలు గాల్లోనే ఆపి. "గానీ నాకో అనుమానం. అన్నాళ్లు అన్ని సామాన్లతో పనిసేసేరు గదా. ఆ నలుగుర్లో ఒక్కడైనా ఒక్క గ్లాసు కడిగేడేటి?"

"అవన్నీ సినిమాలో సూపిస్తారేటండీ?"

"మూడుసార్లు పాడైపోయింది. నాలుగోసారి పనిసేసింది. మూడోసారికీ నాలుగోసారికీ మజ్జిన ఆళ్లు ఏటి మార్చేరో సెప్పనేదు. పాట వచ్చీసింది."

మాకు ఒళ్లు మండింది. మా సంతోషం చూసి ఓర్వలేక అన్నాడనుకున్నాం. కాలేజీదాకా ఆయనతో ఒక్కళ్లమూ మాట్లాడలేదు.

ఆ ఊపులోనే మేమిద్దరం సైన్స్ ఎగ్జిబిషన్‌కి పేరిచ్చాం. ఉపగ్రహం మా వల్ల కాదు. నాకు తెలిసింది చెరకు. మాది రావికమతం దగ్గర పల్లె, నాన్న చెరకు వేసేవాడు. నరికిన చెరకు ఎండలో పడి ఉంటే ఏమైపోతుందోనన్న బెంగ మా ఇంట్లో ఏటేటా వినేదే. దాన్నే ప్రయోగంగా తీసుకున్నాం. ల్యాబు వెనకాల రెండు కట్టలు పెట్టాం. ఒకదాన్ని ఎండకి వదిలేశాం. రెండోదాని మీద ఎండిన చెరకాకు కప్పి రోజూ నీళ్లు చల్లాం. రోజూ ఒక్కో కట్టలోంచి రెండు గడలు తీసి, గేటు ఎదుట చెరకు రసం బండి దగ్గర ఆడించి తెచ్చి, ఆ రసంలో హైడ్రోమీటరు వదలాలి. అదొక గాజు గొట్టం. రసం చిక్కగా ఉంటే పైకి తేలుతుంది, పలచగా ఉంటే కిందికి దిగుతుంది. ఎండలో కట్ట రసం రోజురోజుకీ పలచబడుతుందని, ఆకు కప్పినది నిలబడుతుందని మా నమ్మకం. చార్టులూ బొమ్మలూ రూతువి. రీడింగులు నావి.

మూడో రోజు ఎండలో కట్ట రసం చిక్కబడింది. నాలుగో రోజు ఇంకా చిక్కబడింది. తప్పు చూశాననుకుని గొట్టం కడిగి మళ్లీ చూశాను. అంతే వచ్చింది. అప్పుడు నేను మూడో రోజుది కూడా దిద్ది, ఎంత రావాలని అనుకున్నామో అంత రాశాను. మొదటిసారి పెన్సిలుతో. మర్నాడు పెన్నుతోనే. ఆరో రోజు ఆదివారం. ఎలాగూ ఊహించి రాసేదానికి ఆటో ఎక్కి చోడవరం దాకా వెళ్లడమెందుకని, ఇంట్లోనే మంచం మీద కూర్చుని రాసేశాను. రూతుకి మాత్రం వెళ్లొచ్చానని చెప్పాను.

గ్రాఫు చూసి ప్రిన్సిపాల్ గారు మురిసిపోయారు. ఎండలో కట్ట గీత మెట్లు దిగినట్టు చక్కగా దిగింది. జిల్లా ఎగ్జిబిషన్‌కి మమ్మల్ని ఎంపిక చేశారు. విలేకరి ఒకాయన వచ్చి ఫొటో తీసి, సినిమా పిల్లలకి తీసిపోని అమ్మాయిలని రాశాడు. నాన్న ఆ పేపరు ముక్క మడిచి జేబులో పెట్టుకు తిరిగాడు.

రెండు రోజుల తర్వాత, మధ్యాహ్నం ల్యాబులో ఎవరూ లేనప్పుడు అటెండరు గారు రీడింగుల పుస్తకం తెచ్చి నా ముందు పెట్టారు. ఒక గడి మీద వేలు పెట్టారు.

"ఇది ఏ వారం?"

"ఆదివారమండీ."

"ఆదివారం నానెక్కడున్నాను?"

"చర్చిలో."

"ల్యాబు తాళమెక్కడున్నాది?"

నేను పుస్తకం మూయబోయాను. ఆయన వేలు తియ్యలేదు.

"నా జోబులో. ఆరాధన అయినదాకా నా జోబులోనే ఉన్నాది. తరవాత కూడా నా జోబులోనే ఉన్నాది." పుస్తకం మూసి నా చేతికిచ్చారు. "నానెవరికీ సెప్పను. సెప్పడం నా పని కాదు. సామాను లెక్కెట్టుకోడం నా పని."

ఆ మాట నేను నమ్మలేదు. చెప్పనని ఎందుకన్నాడు? రేపు బదులుగా ఏం అడుగుతాడు? ఆయన రిజిస్టరు పట్టుకుని ప్రిన్సిపాల్ గది వైపు నడిస్తే వెనకాలే తలుపుదాకా వెళ్లి చూసేదాన్ని. రూతుతో ఒక్క మాట మాట్లాడితే చాలు, ఏమన్నాడే అని దాన్ని గుచ్చి గుచ్చి అడిగేదాన్ని. చర్చిలో వాళ్లు కలుస్తారు, అక్కడ చెప్పేసి ఉంటాడేమో. రూతు ఊరికే నవ్వినా, తెలిసే నవ్వుతోందనిపించేది. రసం బండి అతను కూడా, ఆదివారం నేను రాలేదని ఎవరితోనో అనేసి ఉంటాడని అతని ముఖం చూడ్డం మానేశాను. ఆయన మాత్రం రోజూలాగే ట్యూబులు లెక్కపెట్టుకునేవారు. అనుమానం మనిషని ఆయన్ని చూసి నవ్విన నేను, అయిదు రోజుల్లో ఆయన్ని మించిపోయాను. కాకపోతే ఆయన వస్తువుల్ని అనుమానించేవారు, చూసుకునేవారు, అక్కడితో వదిలేసేవారు. నాకు వదలడానికి దారి కనబడలేదు.

ఆరో రోజు రూతుకి చెప్పేశాను. "నాను చార్టుకి రంగులేస్తంటే పక్కన కూకుని సూసేవు గదే," అంది. ఇద్దరం ఫిజిక్సు సారు దగ్గరికి వెళ్లాం. ఆయన తల పట్టుకున్నారు. "పేపర్లో కూడా వచ్చీసింది కదమ్మా. రావాల్సిందే రాసేరు గదా. ఇప్పుడు కదపకండి," అన్నారు.

నాకు ప్రాణం లేచొచ్చిందని ఒప్పుకోవాలి. సారే వద్దన్నారు. అటెండరు గారు కూడా సరేనంటే ఇక బరువు దిగిపోతుందని ఆయన దగ్గరికి వెళ్లి చెప్పాను.

"ఆయన సారు. నాను అటెండర్ని. నన్నడక్కు," అన్నారు, గాజు జాడీ తుడుస్తూనే. జాడీ కింద పెట్టి, "మీ నాన్న వచ్చే ఏడు ఆ పేపరు సూసి సెరుకు మీద ఆకు కప్పుతాడేటి?" అని అడిగారు.

కప్పుతాడు. కప్పుతానని నాన్న అప్పటికే అన్నాడు, నేను మంచం మీద కూర్చుని రాసిన అంకెల్ని నమ్మి.

ఎగ్జిబిషన్‌కి పది రోజులుంది. మళ్లీ రెండు కట్టలు తెచ్చాం. ఈసారి రీడింగు నేనొక చీటీ మీద, అటెండరు గారొక చీటీ మీద విడివిడిగా రాసి, తర్వాత పక్కపక్కన పెట్టి చూసేవాళ్లం. మళ్లీ అదే. ఎండలో కట్ట రసం చిక్కబడుతోంది. ఇక మనకి చూపించడానికేమీ లేదని రూతు కళ్లనీళ్లు పెట్టుకుంది.

ఆయన రసం సీసా ఎత్తి చూశారు. వాళ్ల నాన్న అనకాపల్లి వైపు బెల్లం వండేవాడని మాకు ఆరోజే తెలిసింది. "పెనంలో రసం మరిగితే సిక్కబడతాది. తీపి ఎక్కడినించైనా వచ్చి పడిందేటి? నీరెల్లిపోయింది," అన్నారు. "సెరుకులోంచి కూడా నీరెల్లిపోతందేమో. నాకు తెల్దు. కాటా ఉన్నాది. తూసి సూడండి."

ఒక్కో కట్టలో నాలుగు గడలకి దారం కట్టి, వాటిని రసానికి తీయకుండా రోజూ తూచాం. ఎండలో గడలు తేలికైపోతున్నాయి. ఆకు కింద ఉన్నవి అంతగా తగ్గలేదు. మాకు తెలియకుండానే ఇంకో ప్రశ్న చేతికొచ్చింది. అది సినిమాలో ఉపగ్రహం ఎగిరినంత గొప్పగా లేదు గాని, మాది.

మధ్యలో ఒక ఆదివారం వచ్చింది. శనివారం సాయంత్రం ఆయన తాళంచెవి నా చేతిలో పెట్టి, "రేపు రీడింగు నువ్వే తియ్యి," అన్నారు. అంతకుముందు ఏ విద్యార్థి చేతికీ ఆయన తాళంచెవి ఇచ్చినట్టు నేను వినలేదు.

మర్నాడు రసం జాడీలో పోసి, గొట్టం ఊగడం ఆగేదాకా చూస్తున్నాను. కిటికీ అవతల తెల్ల చొక్కా కనిపించింది. చంకలో బైబిలు. నేను చూశానని తెలిసి, "ఇల్లు ఇటేపే గదాని వచ్చేను," అన్నారు. ఆయన ఇల్లు అటువైపు కాదని ఇద్దరికీ తెలుసు. నాకు కోపం రాలేదు. లోపలికి రమ్మన్నాను. ఆయన వంగి గొట్టం చూసి, జేబులోంచి చీటీ తీసి తన అంకె తాను రాసుకున్నారు. రెండూ ఒకటే. చీటీ మడిచి, "వంట అయిపోయుంటాది, ఎల్తాను," అని వెళ్లిపోయారు.

ఎగ్జిబిషన్‌లో పాత గ్రాఫు, కొత్త గ్రాఫు రెండూ పెట్టాం. పాతదాని కింద, ఇందులో కొన్ని రీడింగులు తీయకుండా రాసినవి అని నా చేత్తోనే రాశాను. న్యాయనిర్ణేత ఒకాయన దాని ముందు చాలాసేపు నిలబడ్డాడు.

"మరి మీరు తేల్చిందేమిటమ్మా?"

"ఆకు కప్పితే తూకం నిలబడతాదండీ," అంది రూతు. "పంచదార నిలబడతాదో లేదో ఈ గొట్టంతో తెలీదండీ."

ఆయన తల ఊపి పక్క బల్ల దగ్గరికి వెళ్లాడు. బహుమతి పొగలు కక్కే అగ్నిపర్వతం బొమ్మకి వచ్చింది. సినిమాలో అయితే ఎవరో ఒకరు లేచి మాకు చప్పట్లు కొట్టాలి. ఎవరూ కొట్టలేదు. ప్రిన్సిపాల్ గారు నెల రోజులు నా వైపు చూడలేదు. నాన్నకి నేనే చెప్పాను. ఆయన పేపరు ముక్క తీసి పొయ్యిలో పెట్టాడు. ఆకు మాత్రం కప్పాడు, తూకానికైనా మంచిదే గదా అని. రూతు నన్ను మళ్లీ నమ్మడానికి ఆర్నెల్లు పట్టింది. అది న్యాయమే.

సామాను తిరిగి అప్పజెప్పినప్పుడు అటెండరు గారు గొట్టానికి పగుళ్లున్నాయేమో చూసి, "సరిగ్గా కడిగేవు," అన్నారు. నాకు ఆయన దగ్గర దొరికిన మెప్పు అదొక్కటే.

ఇప్పుడు నేను విశాఖ వైపు ఒక మందుల కంపెనీ ల్యాబులో పనిచేస్తున్నాను. కొత్తగా చేరిన పిల్లలు మరీ ముచ్చటగా సరిపోయిన అంకెలు తెస్తే ఏ రోజు తీశావమ్మా అని అడుగుతాను. కొందరు ఠక్కున చెబుతారు. కొందరి ముఖం మారుతుంది. వాళ్ల పక్కన కూర్చుని మొదటినుంచీ చేయిస్తాను. నా వెనకాల నాకూ ఒక పేరుందని తెలుసు. అదేమిటో కనుక్కోలేదు.

శుక్రవారం నేనూ రూతూ భూస్థాపనకి వెళ్లాం. ఆయన గొప్ప విశ్వాసి అని పాస్టరు గారు ప్రార్థనలో అన్నారు. రూతు నా చెయ్యి నొక్కింది. తర్వాత ఆయన భార్య మమ్మల్ని పక్కన కూర్చోబెట్టుకుని, "దేవుడొక్కడిమీదే నమ్మకం ఆ మనిషికి. నా కూరలో ఉప్పు కూడా రెండుసార్లు సూసీవోరు," అంది. నవ్వబోయి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నేను ఆయన్ని చివరిసారి చూసింది ఈ వానాకాలంలో, చోడవరం బస్టాండులో. రిటైరై చాలా ఏళ్లైంది. కళ్ల డాక్టరు కోసం అనకాపల్లి వెళ్తున్నారు. బస్సుకి బోర్డుంది, కండక్టరు ఊరి పేరు అరుస్తున్నాడు, అయినా దిగుతున్న ఒకావిణ్ని అడిగాకే ఎక్కారు. కిటికీ పక్క సీటు దొరికింది. నేను కింద నిలబడి మాట్లాడుతుండగా అంతవరకు కురిసిన జల్లు ఆగింది. చుట్టూ గొడుగులు ముడిచేశారు. డ్రైవరు అద్దం తుడిచే వైపర్లు ఆపేశాడు. బస్సు కదిలింది. ఆయన కిటికీలోంచి కుడి చెయ్యి బయటికి చాపి, అరచెయ్యి ఆకాశం వైపు తిప్పి పట్టుకున్నారు. బస్సు మలుపు తిరిగేదాకా ఆ చెయ్యి అలాగే ఉంది.