ఇడ్వల్ గూడ్సు బండి

ఇడ్వల్‌కి ఉన్నది ఒక్కటే పిచ్చి. రాని రైలుకి ఈల ఊదుతాడు.

వేల్స్ కొండల్లో పెన్‌గార్న్ రైలు లైను మూతపడేనాటికి, పట్టాలు బాగుచేసే గ్యాంగులో అందరికంటే చిన్నవాడు అతనే. మిగతావాళ్ళు పట్టాల మీద వంగి పనిచేస్తుంటే, కాస్త దూరంలో నిలబడి రైలు రాక చూడడం, వస్తే ఈల ఊదడం అతని ఉద్యోగం. లైను మూసేశారు. పట్టాలు పీక్కుపోయారు. స్టేషన్లో గొర్రెలు కాపురం పెట్టాయి. ఇడ్వల్ ముసలివాడయ్యాడు. ఊళ్ళో ముసలీ ముతకా కలిసి ఆ లైను మళ్ళీ వేసుకుందామని బయల్దేరిన రోజున, పాత ఈల మెళ్ళో, ఎర్రజెండా చంకలో పెట్టుకుని వచ్చి తన చోట తను నిలబడ్డాడు.

ఈల మోగితే అందరూ పట్టాలు దిగాలి. విన్నామని చెయ్యెత్తాలి. బండి దాటేదాకా ఒడ్డున నిలబడాలి. పాత గ్యాంగు నియమం అది. ఇక్కడ బండి లేదు. రావడానికి పట్టాలూ పూర్తిగా లేవు. అయినా దిగేవారు. దిగకపోతే ఊదడం ఆపడు.

"ఇప్పుడేం బండయ్యా?" అని వెక్కిరించేది గ్లెనిస్, పోస్టాఫీసు నడిపి మానేసిన మనిషి.

"ప్యాసింజరు."

"ఎంతమంది ఎక్కారేం?"

"కిటికీలోంచి నిన్ను చూసి ఎవరూ దిగలేదు."

ప్యాసింజరైతే చటుక్కున దాటిపోయేది. గూడ్సయితే మాత్రం, ఫ్లాస్కుల్లో టీ అయిపోయి, ఎండుద్రాక్ష రొట్టె అయిపోయి, వానని తిట్టడం కూడా అయిపోయేదాకా పెట్టెలు దాటుతూనే ఉండేవి. ఊదీ ఊదీ గొర్రెలకి కూడా అలవాటు చేశాడు. ఈల వినగానే అవీ దిగి ఒడ్డున నిలబడేవి. చెయ్యెత్తడం ఒక్కటే తక్కువ.

మెన్నాకి మాత్రం నవ్వొచ్చేది కాదు. ఈ పని మొత్తానికి పెద్ద ఆమే. ఆగస్టు ఆఖరికి పట్టాలు స్టేషన్ చేరకపోతే స్థలం వెనక్కి తీసుకుంటానని సొంతదారు తేల్చి చెప్పాడు. ఆమె భర్త హ్యూ తండ్రి ఈ లైన్లోనే ఇంజను నడిపాడు. ఆ చప్పుడు ఇంకోసారి వినాలని హ్యూ ఆశ. ఈ ఈల ఆగితే తప్ప ఆ చప్పుడు వినపడేలా లేదు.

ఒకరోజు ఒక్క పట్టా బిగించేలోపు రెండు గూడ్సులు, ఒక ప్యాసింజరు దాటాయి. మెన్నా విసవిసా నడిచి వెళ్ళి చెయ్యి చాపింది.

"ఈల ఇయ్యి."

"డ్యూటీలో ఉన్నా తల్లీ."

"నీ రాని బండి కోసం ఆగుతూ కూచుంటే, రావాల్సిన బండి రాకుండా పోతుంది. ఇయ్యి."

ఇచ్చాడు. జెండా మాత్రం ఇవ్వలేదు.

మర్నాడు పని పరుగులు తీసింది. ఎవరూ ఆగలేదు. అందరూ డెబ్బై దాటినవాళ్ళే గానీ, అలిసిపోయానని ముందుగా నోరు తెరిచే మొనగాడు ఒక్కడూ లేడు. హ్యూ గడ్డపారతో పట్టా ఎత్తుతున్నాడు. మొహం కంకర రంగుకి తిరిగింది. బోల్టుల మీద వంగిన మెన్నా అది చూడలేదు.

"కూఁ... కూఁ..."

రెండు చేతులూ నోటికి గొట్టంలా పెట్టుకుని ఇడ్వల్ పరిగెత్తుకొస్తున్నాడు. ఎనభై ఏళ్ళ మనిషి రైలైపోయాడు.

"గూడ్సు! దిగండి! దిగండి!"

అలవాటు కొద్దీ అందరూ దిగారు. గొర్రెలూ దిగాయి. హ్యూ దిగి నిలబడలేదు, కూలబడ్డాడు. జేబు వెతుక్కోబోతే వేళ్ళు సాగలేదు. ఇడ్వల్ తిన్నగా అతని చొక్కా జేబులోంచి మాత్ర తీసి నాలుక కింద పెట్టాడు.

కాసేపటికి హ్యూకి రంగు తిరిగింది. మెన్నాకి మాట తిరిగింది.

"ఆ జేబులో మందుందని నీకెలా తెలుసు?"

"చలికాలం నుంచీ తెలుసు. నీకు చెప్పొద్దన్నాడు. చెప్పలేదుగా."

"తెలిస్తే ఇంట్లో కూచోబెడతావని..." గొణిగాడు హ్యూ.

"నోర్ముయ్యి." మెన్నా ఇడ్వల్ వైపు తిరిగింది. "అయితే ఆ బండ్లన్నీ?"

"హ్యూకి గూడ్సు. గ్లెనిస్ మోకాలికి ప్యాసింజరు సరిపోతుంది."

"నా మోకాలికేం రోగం!" అంది గ్లెనిస్, మోకాలు రాసుకుంటూ.

మెన్నా ఈల తీసి అతని మెళ్ళో వేసింది. ఆ సాయంత్రం హ్యూని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. గడ్డపార ముట్టొద్దన్నాడాయన. మర్నాటి నుంచి హ్యూకి కుర్చీ, టీ కాచే పని. మెన్నా ఎన్నడూ చెయ్యని పని చేసింది. పక్క లోయలో లైను నడుపుకుంటున్నవాళ్ళ దగ్గరికి వెళ్ళి, మాకు చేతకావడం లేదు, మనుషుల్నివ్వండి అని అడిగింది. వాళ్ళు వచ్చారు. ఈలకి దిగడం, చెయ్యెత్తడం నేర్చుకున్నారు.

గడువు రోజు వచ్చేసరికి పట్టాలు ప్లాట్‌ఫారం తాకాయి. ఆఖరి బోల్టు మిగిలింది. మెన్నా పొద్దున్నుంచి ఏమీ తినలేదు. పానా రెండుసార్లు బోల్టు మీంచి జారింది.

ఈల మోగింది.

ఆమె నడుమెత్తి చూసింది. హ్యూ కుర్చీలో ఉన్నాడు. గ్లెనిస్ ప్లాట్‌ఫారం మీద ఎవరినో వాయిస్తోంది. వచ్చినవాళ్ళు రొట్టెలు తింటున్నారు. పట్టాల మీద ఉన్నది తనొక్కతే.

"ఇదెవరికయ్యా?"

"బొగ్గు బండి తల్లీ. చాలా పొడుగుంది. కూచో."

మెన్నా పానా కింద పెట్టి, చెయ్యెత్తి, పట్టాలు దిగింది. గొర్రెలు అప్పటికే జరిగి ఆమెకి చోటిచ్చాయి.