జమ్లి వేలిముద్ర

పదకొండేళ్లుగా ఒక వేలిముద్ర బరువు మోస్తున్నాను. అది నాది కాదు. నన్ను నమ్మిన మనిషి తెల్లకాగితం మీద వేసిచ్చినది. ఇంట్లో చెప్పలేదు, తోటి వకీళ్లకు చెప్పలేదు. మీరు నన్ను ఎరగరు కాబట్టి మీకు చెబుతున్నాను.

నేను జనగామలో వకీలును. బీదల వకీలు అంటారు. ఆ మాట వింటే తల దించుకుంటాను. చూసేవాళ్లు వినయం అనుకుంటారు. ఆదివారాలు నర్మెట్ట వైపు తండాలకు పోయి అర్జీలు రాసేవాణ్ని. ఫీజు అడిగేవాణ్ని కాదు. వాళ్లు ఒక వాయిదాకు వస్తే ఒక రోజు కూలి పోతుంది. అందుకని మొదటిసారి వచ్చినప్పుడే మూడు నాలుగు ఖాళీ కాగితాల మీద ముద్రలు వేయించుకుని ఫైలులో పెట్టేవాణ్ని. మాటిమాటికీ తిప్పించకూడదని. ఆ అలవాటును దయ అనుకున్నాను.

జమ్లి అలాంటి ఒక తండా మనిషి. భర్త చనిపోయాక అతని అన్న భూమి పంచనన్నాడు. ఆమె తరఫున కేసు వేశాను. చివరికి సగం ఇవ్వడానికి దిగొచ్చాడు గానీ, బావి తనకే కావాలన్నాడు. ఆ బావి జమ్లీ ఆమె భర్తా తవ్వుకున్నది. అతను గడ్డపార వేస్తే ఆమె మట్టి తట్టలు మోసింది. “బాయి తప్ప ఏదన్న ఇడుస్త, అన్నా” అని నాకు ముందే చెప్పింది. అంత స్పష్టంగా చెప్పింది.

లోక్ అదాలత్ నాడు ఆమె రాలేదు. రేగొండ దిక్కు మిరపకాయలు ఏరడానికి పోయింది. ఫోను కలవలేదు. వాయిదా అడిగితే సరిపోయేది. కానీ ఆ సాయంత్రం సభ ఉంది, ఎక్కువ కేసులు రాజీ చేయించినందుకు నాకు శాలువా కప్పుతామని ముందే చెప్పారు, అవతలి వకీలు సరేనంటూ ఎదురుచూస్తున్నాడు, ఈ తగాదా ఇంకో పదేళ్లు సాగితే ఆమెకు మిగిలేదేముంది, సగం భూమి రావడమే గొప్ప కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఆమె మంచి కోసమేనా? అయితే ఆమె వచ్చేదాకా ఎందుకు ఆగలేదు? ఫైలులోని ఖాళీ కాగితం తీసి, ఆమె ముద్రకు పైన రాజీ షరతులు టైపు చేయించాను. ఒంట్లో బాగాలేక ముద్ర వేసి పంపిందని చెప్పాను. ఎవరూ అనుమానించలేదు. నా మాట కదా. బావి భర్త అన్నకు పోయింది. లోక్ అదాలత్ తీర్పుకు అప్పీలు ఉండదని నాకు తెలుసు.

పది రోజులకు ఆమె వచ్చింది. బావి పోయిందని చెప్పి రాజీ కాగితం నకలు చేతికిచ్చాను. కాగితం అటూ ఇటూ తిప్పి ఒకచోట ఆగింది. ఎప్పుడో కొడవలి కోసుకుని ఆమె బొటనవేలికి అడ్డంగా మచ్చ ఉంది. ముద్రలో అక్కడ తెల్లటి గీత.

“గిది నా యేలే గదన్నా?”

“అవును చెల్లె.”

“నేను ఊర్లనే లేకుంటి. ఎప్పుడేసిన?”

“గది పాత ముద్ర. తీర్పు కాగితం నీకు అందినట్టు గుర్తుకు పెడ్తరు. జడ్జి సాబ్ గట్లనే రాసిండు, మనమేం జేస్తం?”

“నువ్వున్నంక గిట్లెట్లయిందని జర పరేషానైన. నువ్వు జెప్తె సరే తియ్యన్నా.”

కాగితం మడిచి కొంగున కట్టుకుని పోయింది. ఇంటికి తీసుకుపోని శాలువా నా కుర్చీ వెనకాలే వేలాడుతోంది.

ఆ తర్వాత ఖాళీ ముద్రలు తీసుకోవడం మానేశాను. దానివల్ల ఆమెకేం ఒరిగింది? బావి మీద భర్త అన్న మోటరు పెట్టాడు. జమ్లి తన చేనుకు నీళ్లు లేక కూలికి పోతోంది. అయినా తండావాళ్లను నా దగ్గరికే పంపుతుంది. “జమ్లి చెప్పింది” అంటూ వస్తారు. వాళ్ల పని ఒళ్లు దగ్గర పెట్టుకుని చేస్తాను. ప్రాయశ్చిత్తమా? కాదు. ఆ పేరు వింటే భయం.

పోయిన నెల ఆమే వచ్చింది, పింఛను అర్జీకి. నేను రాయడం మొదలుపెట్టకముందే బొటనవేలు చాచింది. ముందు వినమని, రాసిందంతా చదివి వినిపించాను. ఆమె నవ్వింది. అనుమానమే లేని నవ్వు. అప్పుడే చెప్పేయాలనుకున్నాను. ఇంకుప్యాడు మూత తీశాను.

ఆమెకు చదవడం రాదు. ఆ ధైర్యంతోనే ఇది రాశాను. సిగ్గు ఎక్కడిదక్కడే ఉంది. ఊపిరి మాత్రం కాస్త ఆడుతోంది. బావి జమ్లిది. ఆమె రాజీ పడలేదు. పడ్డట్టు రాసింది నేను.