రెండు వరుసల గడి

మా అపార్ట్‌మెంటు వాళ్ళ కోసం ఒక చిన్న వెబ్ పేజీ తయారు చేశాను. అందులో ఉన్నదల్లా ఒక పట్టిక: ఫ్లాటు నంబరు, పేరు, బ్లడ్ గ్రూపు, ఫోన్ నంబరు. ఎవరికైనా ఉన్నట్టుండి రక్తం కావలసివస్తే చూసుకోవడానికి. ఆలోచన నా భార్యది. నేను పోర్టులో సరుకు కాగితాలు చూసే ఉద్యోగిని, వెబ్ పేజీలు నా పని కాదు. సెలవు రోజుల్లో వీడియో పాఠాలు చూసి నేర్చుకున్నాను.

మొదట గీతలే రాలేదు. గీతలు పెట్టమంటే ప్రతి గడికీ విడిగా ఒక చట్రం వచ్చింది. ఆమె చేతులు తుడుచుకుంటూ వచ్చి చూసింది.

"ఏటండీ ఇది, గీత పక్కన గీత? కళ్ళు తిరుగుతన్నాయి."

పేజీ రాసే ఫైలులో ఒక మాట చేరిస్తే జంట గీతలు కలిసిపోయాయి. అప్పుడు అక్షరాలు గీతలకి అంటుకుపోయి ఉన్నాయంది. గడి లోపల కొంచెం ఖాళీ వదిలాను. పేర్లు ఎడమకి, బ్లడ్ గ్రూపులు మధ్యకి సర్దాను. మా ఇంట్లో ఇద్దరం రక్తం ఇచ్చేవాళ్ళమే కాబట్టి మా ఫ్లాటు నంబరు రెండుసార్లు వచ్చింది.

"ఒకే ఇంటిని రెండుసార్లు రాత్తారేటి? సూసినోళ్ళు మనకి రెండిళ్ళున్నాయనుకుంటారు," అంది.

దానికీ ఒక పద్ధతి ఉంది. ఒక గడిని రెండు వరుసల ఎత్తుకి సాగదీయవచ్చు. రోస్పాన్ అంటారు. దానికి రెండు అని విలువ ఇచ్చాను. మా ఫ్లాటు నంబరు ఎడమవైపు పొడవాటి గడిలో ఒక్కసారే నిలబడింది. దాని పక్కన పైన నా పేరు, కింద ఆమె పేరు.

మా వాళ్ళు గోదావరి వైపు నుంచి నాన్న ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. ఆమెది గాజువాక. ఇన్నేళ్ళయినా నేను ఏమిటి అనేవాణ్ణి, ఆమె ఏటి అనేది. ఇప్పుడు ఇంట్లో ఆ మాట వినపడదు.

ఈ వేసవిలో ఆమె పోయింది. గుండె ఆగింది. మాసికాలు పెడుతున్నాను. దుఃఖం మీద మంచి పుస్తకాలే ఇంట్లో ఉన్నాయి. తెరిస్తే వాక్యాలు మరీ అందంగా ఉన్నాయనిపించి మూసేస్తున్నాను. ఎక్కువగా వంటగదిలో నిలబడే తింటాను.

పక్క ఫ్లాటులో ఉండేది ఆటోనగర్‌లో లేత్ షెడ్డు నడిపే ఆయన. ఈ ఊళ్లో మగవాళ్ళు ఒకరినొకరు బావా అనుకోవడం మామూలే. ఈయన మాత్రం నా భార్యని అక్కా అని పిలిచి, ఆ వరస మీద నన్ను బావా అనేవాడు. ఇప్పటికీ అంటాడు. ఒకరోజు మెట్ల దగ్గర ఆగాడు. చేతిలో తాళాలు అటూ ఇటూ మార్చుకున్నాడు.

"బావ, ఓ మాట. అక్క పేరు ఆ పేజీలో అలాగే ఉన్నాది."

"తెలుసు."

"నాను తియ్యమనను. కానీ ఎవలైనా రగతం కోసం ఆ నంబరికి ఫోన్ సేత్తే..."

"తీసేస్తాను."

ఆ సాయంత్రం ఫైలు తెరిచాను. పేజీలో ఆమె పేరు ఉంటుంది. ఫైలులో కూడా ఉంటుంది, కాకపోతే వరుసలకీ గడులకీ వాడే గుర్తుల మధ్య. అక్కడ చెరపడం కొంచెం తేలిక అనుకున్నాను. ఆమె వరుసని మొదటి గుర్తు నుంచి చివరి గుర్తు దాకా ఎంచి, తీసేసి, పేజీని నెట్‌లో పెట్టి, లాప్‌టాప్ మూసేశాను. పేజీ ఎలా ఉందో చూడలేదు.

మర్నాడు ఆఫీసులో ఉండగా ఆయన ఫోన్ చేశాడు. వెనక గ్రైండింగ్ మోత.

"ఏటి బావ, నన్ను మీ ఇంట్లో కలిపేసినావు?"

"ఏమైంది?"

"పక్క షెడ్డోళ్ళకి రగతం కావాలంటే పేజీ పంపినాను. నా ఫ్లాటు నంబరెల్లి పేరు గడిలో కూకుంది. నా పేరు బ్లడ్ గ్రూపయిపోనాది. ఫోన్ నంబరైతే గీత దాటేసి రోడ్డు మీదున్నాది. ఇక్కడ ఒకటే నవ్వులు. గదేదైనా ఖాళీ ఉంటే సెప్పు, సామాన్లు తెచ్చేత్తాను."

నాకు అర్థమైంది. ఆమె వరుస తీశాను గానీ, మా ఫ్లాటు గడి ఇప్పటికీ రెండు వరుసలు కావాలంటోంది. కింద ఆమె లేకపోయేసరికి, తర్వాత ఉన్న ఆయన వరుసని లోపలికి తీసుకుంది. అదే చెప్పాను.

ఆయన మోతకి దూరంగా నడిచినట్టున్నాడు.

"పోన్లే బావ. అలాగే ఉండనీ. నాకేటి."

"రక్తం కావాలన్నారుగా."

"దొరికేసిందిలే."

దొరికిందో లేదో నాకు తెలియదు. పక్క సీటు వాళ్ళని అడిగి లాప్‌టాప్ తీసుకుని, నెట్‌లో ఉన్న ఫైలు తెరిచాను. రోస్పాన్ దగ్గర రెండుని ఒకటి చేశాను. తర్వాత ఆ మాటే తీసేశాను. ఒక్క వరుసే ఉన్న గడికి ఎన్ని వరుసలో చెప్పనక్కరలేదు. చెప్పకపోతే ఒకటనే అర్థం.

ఈసారి పేజీ తెరిచి చూశాను. మా గడి అందరి గడులంత ఎత్తే ఉంది. ఫోన్ చేశాను.

"ఇప్పుడు చూడు."

ఆయన గొంతు నెమ్మదిగా వచ్చింది.

"సరిపోనాది బావ. నా ఇంట్లో నానున్నాను."

అవును, అన్నాను. లాప్‌టాప్ వాళ్ళకి ఇచ్చేశాను.